నెగెటివ్ రిపోర్టు నిన్నటిది, ఓడ ప్రయాణం రేపటిది

2022 జూన్ 8న విశాఖ రేవుకి ఎంప్రెస్ అనే క్రూజ్ ఓడ వచ్చి వెళ్లింది మొదలు, చేపల చెరువులుండే ముదినేపల్లి, కైకలూరు వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ ఆగకుండా తిరిగింది. "రెండు డోసుల సర్టిఫికెట్, నెగెటివ్ రిపోర్టు ఉన్నవాళ్లనే ఓడ ఎక్కించుకుంటారు. కాబట్టి లోపల కరోనా ఉండే సమస్యే లేదు. ఊళ్లో కంటే ఓడలోనే క్షేమం. పెద్దవాళ్లని కూడా ధైర్యంగా తీసుకెళ్లండి." కింద నాలుగు దణ్ణాలు, ఒక ఓడ బొమ్మ.

దణ్ణాలతో పోతే ఎవరికీ ఇబ్బంది లేదు. చేపల సొమ్ము చేతికొచ్చిన ఇళ్లలో ఈసారి గోవా బదులు ఓడ ఎక్కుదాం అనుకుంటే అదీ తప్పు కాదు. రెండేళ్లు ఇంట్లో మగ్గిన జనం, వెళ్లనివ్వండి. నష్టం జరిగింది ఇంకోచోట. ఓడకి రెండు డోసులు చాలంటున్నారుగా, మూడోది దేనికని అరవై దాటినవాళ్లు ఆగిపోయారు. ముక్కులో పుల్ల పెట్టకుండా నెగెటివ్ రిపోర్టు చేతికిచ్చే ల్యాబు ఎక్కడుందని వాకబు చేసేవాళ్లు తయారయ్యారు. తిరిగొచ్చాక ఒళ్లు వెచ్చబడితే "ఓడలో పట్టింది కాదులే, సముద్రం పడలేదు" అని ఒక పారాసిటమాల్ మింగి పెళ్లి భోజనాలకి వెళ్లిపోయారు. మెసేజ్‌ని నమ్మడమంటే ఇదే.

పుకారు ఖరీదు ఎంతో మన ప్రాంతానికి ఒకరు చెప్పక్కర్లేదు. 2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో చికెన్ తింటే కరోనా వస్తుందన్న ఒక్క మాటకి తణుకు, తాడేపల్లిగూడెం వైపు కోళ్ల ఫారాల వాళ్లు మేత ఖర్చు కూడా రాక, కోళ్లను అయినకాడికి వదిలించుకున్నారు. అప్పుడు భయపెట్టే పుకారు, 2022లో భరోసా ఇచ్చే పుకారు. రెండోదాన్ని ఎవరూ అనుమానించరు, అందుకే అది ఎక్కువ దూరం పోతుంది.

సరే, మెసేజ్ సంగతి చూద్దాం. రెండు డోసులు, నెగెటివ్ రిపోర్టు ఉన్నవాళ్లతో నిండిన ఓడలో కరోనా ఉండదు అన్నారు. దీన్ని కొత్తగా పరీక్షించాల్సిన పని లేదు, ఆ పరీక్ష అప్పటికే జరిగిపోయింది. 2022 జనవరిలో, కొత్త సంవత్సరం వేడుకలకని ముంబై నుంచి గోవా వెళ్లిన ఓడలో దాదాపు రెండు వేల మంది ఉన్నారు. ప్రయాణికులందరికీ రెండు డోసులు పడ్డాయి, అందరి దగ్గరా ఆర్టీపీసీఆర్ నెగెటివ్ రిపోర్టులున్నాయి. దారిలో సిబ్బందిలో ఒకరికి పాజిటివ్ వచ్చింది. మార్ముగోవా రేవులో అందరికీ పరీక్షలు చేస్తే 66 మందికి ఉందని తేలింది. గోవా చూద్దామని బయలుదేరినవాళ్లలో చాలామంది గోవా నేల తొక్కకుండానే అదే ఓడలో వెనక్కి మళ్లారు. ముంబైలో మళ్లీ పరీక్షిస్తే ఇంకో వంద మందికి పైగా బయటపడ్డారు.

ఆ ఓడ పేరు చెప్పలేదు కదూ. కార్డిలియా సంస్థ వారి ఎంప్రెస్. జూన్ 8న విశాఖ వచ్చింది అదే ఓడ. పేరు కూడా మారలేదు. అంతకు ఐదు నెలల ముందు పేపర్లో మొదటి పేజీలో వచ్చిన సంగతి మరిచిపోయి, అదే ఓడ బొమ్మ పెట్టి "కరోనా ఉండే సమస్యే లేదు" అని పంపగలిగినవాళ్ల ధైర్యానికి మాత్రం మెచ్చుకోవాలి.

ఇది మన దేశపు నిర్లక్ష్యం అనుకుంటే అదీ పొరపాటే. 2020 నవంబరులో, కరీబియన్‌లో క్రూజ్‌లు ఆగిపోయిన ఎనిమిది నెలలకి, సీడ్రీమ్ 1 అనే చిన్న ఓడ మొదటగా బయలుదేరింది. ప్రయాణికులు 53 మంది మాత్రమే. ఇంటి దగ్గర ఒక పరీక్ష, ఎక్కే ముందు రేవులో ఇంకో పరీక్ష. అంత డబ్బున్న, అంత జాగ్రత్త పడ్డ ఓడలో కూడా నాలుగైదు రోజులకే కేసులు తేలాయి, బార్బడోస్‌కి తిరిగొచ్చి ప్రయాణం రద్దు చేసుకున్నారు. అంతకుముందే, జూలై నెలాఖరులో నార్వేలో రోల్డ్ అముండ్సెన్ ఓడ సిబ్బందిలో పదుల మందికి సోకింది. అది బయటపడేలోపు ప్రయాణికులు దిగి ఎవరి ఊళ్లకు వాళ్లు చేరిపోయారు.

ఎందుకిలా అవుతుందో చేపల రైతుకి రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. సాయంత్రం చెరువు నీళ్లలో ఆక్సిజన్ కొలిచి బాగుందని పడుకుంటే, తెల్లవారుజామున చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. కొలత తప్పు కాదు. సాయంత్రానికి అది నిజం. ఆర్టీపీసీఆర్ కూడా అంతే, పుల్ల పెట్టిన ఆ క్షణానికి ముక్కులో వైరస్ దొరికేంత ఉందా లేదా అన్నదే చెబుతుంది. నిన్న సోకి ఉంటే ఇవాళ దొరకదు. ఒమిక్రాన్ అయితే సోకిన దాదాపు మూడు రోజుల్లో బయటపడుతుంది.

ఇప్పుడు మన ప్రయాణం లెక్క వేయండి. గురువారం గుడివాడలో శాంపిల్ ఇచ్చారు. శుక్రవారం నెగెటివ్ అని ఫోనుకి వచ్చింది, గ్రూపులో పెట్టి అందరి చేతా బొటనవేళ్లు పెట్టించుకున్నారు. ఆ రాత్రే ఏలూరులో రైలెక్కారు, బోగీలో పక్క బెర్తాయన తెల్లార్లూ దగ్గుతూనే ఉన్నాడు. విశాఖలో హోటల్లో టిఫిను, ఆటో, బీచ్, చివరికి రేవు దగ్గర గంటన్నర క్యూ. శనివారం ఓడెక్కారు. సోమవారం నడిసముద్రంలో గొంతు గరగర మొదలవుతుంది. ఆ రిపోర్టులో అబద్ధం ఏమీ లేదు, కాకపోతే అది గురువారం నాటి కబురు. డబ్బిచ్చి కొన్న రిపోర్టుకైతే ఆ పాటి విలువ కూడా లేదు. పైగా దానితో ఎక్కినవాడు పక్క టేబుల్ మీది ముసలాయన ప్రాణంతో ఆడుకుంటున్నాడు.

ఇక ఎక్కేచోట నుదుటికి జ్వరం కొలిచే గన్ను పెట్టి చూస్తారుగా, జ్వరం ఉన్నవాళ్లని ఆపేస్తారుగా అన్నవాళ్లూ ఉన్నారు. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకొహామా దగ్గర ఆగిపోయిన డైమండ్ ప్రిన్సెస్ ఓడ మనందరికీ గుర్తుంది. 3,711 మందిలో 712 మందికి సోకింది. అందులో మొదట తేలిన 634 మందిని తీసుకుంటే, పరీక్షనాటికి 328 మందికి ఏ లక్షణమూ లేదు. అంటే సగం మందికి పైగా గన్నుకి చిక్కరు. ఇంకో సంగతి, ప్రయాణికులని గదుల్లో కూర్చోబెట్టి తలుపులు మూసినా, వాళ్లకి వండి, వడ్డించి, ట్రేలు అందించింది సిబ్బందే. ఆ సిబ్బంది ఇరుకు గదుల్లో ఒకరి పక్కన ఒకరు పడుకునేవాళ్లు, ఒకేచోట తినేవాళ్లు. వాళ్లలో 132 మంది భారతీయులు. ఫిబ్రవరి 27న ఎయిరిండియా విమానంలో 119 మంది మనవాళ్లని ఢిల్లీ తెచ్చి మానేసర్‌లో ఉంచారు. ఓడ శుభ్రత గురించి మాట్లాడేటప్పుడు ప్రయాణికుడి సర్టిఫికెట్టే చూస్తాం. వారం వారం కొత్త జనం మధ్య తిరుగుతూ, అదే ఓడలో నెలల తరబడి ఉండే వెయిటర్ సంగతి ఎవరికీ పట్టదు.

మరి టీకా వృథాయేనా అని వెంటనే అడుగుతారు. ఆ మాట ఎవరూ అనలేదు. టీకా వేసుకున్నవాళ్లకి జబ్బు ముదరడం, ఆసుపత్రి పాలవడం బాగా తగ్గింది. సోకడమే ఆగిపోతుందని ఒమిక్రాన్ వచ్చాక ఏ డాక్టరూ చెప్పడం లేదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 డిసెంబరు 30న, టీకా వేసుకున్నా సరే క్రూజ్ ప్రయాణం మానుకోండని చెప్పింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ ముంబైలో జనం కొత్త బట్టలేసుకుని ఓడెక్కుతున్నారు. 2022 మార్చి 30న సీడీసీ ఆ హెచ్చరిక తీసేసింది. దాన్ని పట్టుకుని కరోనా పోయిందని ఇంకో మెసేజ్. పోలేదండీ, వెళ్లాలో వద్దో ఎవరి ఆరోగ్యాన్ని బట్టి వాళ్లే తేల్చుకోమన్నారు. మహారాష్ట్రలో, కేరళలో 2022 జూన్‌లో కేసులు మళ్లీ పెరిగాయి.

ఒక్క మాట మాత్రం, ఇష్టం లేకపోయినా, ఒప్పుకోవాలి. "సముద్రపు గాలికి కరోనా నిలవదు" అంటారు. ఉప్పుగాలికి వైరస్ చచ్చిపోతుందన్నది వట్టి మాట. కానీ తెరిచి ఉన్న డెక్కు మీద, గాలి కొట్టుకుపోయేచోట, పక్కవాడి ఊపిరి మన దాకా చేరడం కష్టమే. ఆరుబయట సోకే అవకాశం మూసిన గదిలో కంటే చాలా తక్కువ. ఆ మేరకు ఆ మాట అన్నవాళ్లు గెలిచారు. చిక్కేమిటంటే, వేలకు వేలు పోసి టికెట్ కొన్నవాళ్లు జూన్ ఎండలో బంగాళాఖాతం మీద డెక్కున ఎంతసేపు కూర్చుంటారు? పది నిమిషాల్లో నాలుగు సెల్ఫీలు దిగి ఏసీలోకి. అక్కడ కెసినో, థియేటరు, బఫే, లిఫ్టు, రాత్రి పాటలు. ఎంప్రెస్ 1990లో ఫ్రాన్స్‌లో కట్టిన ఓడ, కరోనా దెబ్బకి రాయల్ కరీబియన్ అమ్మేసుకుంటే ఇక్కడికొచ్చింది. అందులో కిటికీ లేని లోపలి గదులు చాలానే ఉన్నాయి, చవక టికెట్లు వాటికే. సముద్రం మధ్యన ఉంటారు నిజమే, పీల్చేది మాత్రం ఎక్కువ సేపు గది గాలే.

తక్కిన పుకార్లకి ఇంత ఓపిక లేదు, ముక్తసరిగా చెబుతాను. 2022లో పుదుచ్చేరి ఆ ఓడని రానివ్వనిది కరోనా వల్ల కాదు, కెసినో మీద అక్కడి పార్టీలు గొడవ చేయడం వల్ల. డైమండ్ ప్రిన్సెస్ గదులు ఖాళీ అయిన 17 రోజుల తర్వాత కూడా వాటిలో దొరికింది వైరస్ ఆనవాళ్లే, బతికున్న వైరస్ కాదు. కాబట్టి ఓడ రైలింగు ముట్టుకోవడానికి గ్లౌజులు కొనక్కర్లేదు. రాత్రి రెండు పెగ్గులేస్తే గొంతులో పురుగు చస్తుందనేవాళ్లకి జవాబు చెప్పడం నా వల్ల కాదు. పాజిటివ్ వస్తే నడిసముద్రంలో వదిలేస్తారన్న భయం వెస్టర్‌డామ్ ఓడ నుంచి పుట్టింది. 2020 ఫిబ్రవరిలో దాన్ని ఒక్కో రేవూ కాదంటూ పోయినా చివరికి కంబోడియా రానిచ్చింది.

వెళ్లాలనుకున్నవాళ్లు వెళ్లండి, కానీ ఇంటి పెద్దల సంగతి ముందు తేల్చుకోండి. 2022 జూన్‌లో రెండో డోసు పడి తొమ్మిది నెలలు దాటిన అరవై ఏళ్ల పైవాళ్లకి ప్రభుత్వ ఆసుపత్రిలో మూడోది ఉచితంగా వేసేవారు. దొరికితే వేయించి, రెండు వారాలు ఆగి టికెట్ కొనండి. షుగరు అదుపులో లేనివాళ్లని, కీమో తీసుకుంటున్నవాళ్లని, డయాలసిస్ మీద ఉన్నవాళ్లని ఓడ సరదాలోకి లాగకండి. బీపీ, షుగరు మాత్రలు వెళ్లే రోజులకి కాక ఇంకో పది రోజులకి సరిపడా పెట్టుకోండి, ఎక్కడైనా ఆపేస్తే మందుల షాపు వెతుక్కునే పని ఉండదు. ఇంట్లో చేసుకునే పరీక్ష కిట్లు నాలుగు సంచిలో పడేయండి. ఎన్95 మాస్కు డెక్కు మీద అవసరం లేదు, లిఫ్టులోను, థియేటరులోను, క్యూలోను తీయకండి. బఫే తెరిచీ తెరవగానే, జనం లేనప్పుడే తినేయండి. గొంతు గరగరమంటే ఓడ డాక్టరుకి చెప్పండి. గదిలో ఉంచేస్తారన్న భయంతో దాచిపెడితే మీ గది ఊడ్చే కుర్రాడికి అంటిస్తారు, వాడికి సెలవు కూడా ఉండదు. దిగాక మూడో రోజున ఒకసారి, ఐదో రోజున ఒకసారి కిట్‌తో చూసుకోండి. గీత రాకపోయినా దగ్గు ఉంటే ఉన్నట్టే అనుకుని విడిగా పడుకోండి.

డబ్బు కట్టే ముందు ఏజెంటుని మూడు ప్రశ్నలు అడిగి కాగితం మీద రాయించుకోండి. బయలుదేరే ముందు పాజిటివ్ వస్తే ఎంత వెనక్కిస్తారు? ఓడలో వస్తే ఏ రేవులో దింపుతారు, అక్కడ ఉండే ఖర్చెవరిది? రేవువాళ్లు రానివ్వకపోతే ఏం చేస్తారు? "అన్నీ మేం చూసుకుంటామండీ" అని నోటి మాటతో సరిపెడితే, ఆ డబ్బులో నాలుగో వంతు పెట్టి వరద రాకముందే పాపికొండలు వెళ్లిరండి. గోదావరిలో కచ్చులూరు బోటు ప్రమాదం తర్వాత ఆగిన బోట్లు 2021 నవంబరులో మళ్లీ తిరగడం మొదలుపెట్టాయి, పై డెక్కు నాలుగు వైపులా తెరిచే ఉంటుంది. ఉక్కపోస్తోందని లైఫ్ జాకెట్ మాత్రం విప్పకండి.