పచ్చి చేపకు తగిన వైన్: గ్లాసు కంటే ముందు మంచు

శ్రీ విజయపురం: చేపకు వైట్ వైన్, మాంసానికి రెడ్ వైన్ అన్నది పాత సూత్రం. సుషీ, సాషిమి వంటి జపాన్ వంటకాల విషయంలో ఆ సూత్రం సగమే నిజమని శాస్త్రం చెబుతోంది. వైన్ రంగు కన్నా అందులోని ఇనుము, ఆమ్లత, వగరు ఇక్కడ ముఖ్యం. వాటికన్నా ముందుగా చూడవలసింది చేప తాజాదనం. ట్యూనా వనరులకు పేరొందిన అండమాన్ నికోబార్ దీవులకు ఈ రుచుల లెక్క కేవలం భోజనప్రియుల ముచ్చట కాదు. మత్స్యకారుడి చేతికి వచ్చే ధర కూడా దానితోనే ముడిపడి ఉంది.

దీవుల చుట్టూ ఉన్న ప్రత్యేక ఆర్థిక మండలి విస్తీర్ణం సుమారు 6 లక్షల చదరపు కిలోమీటర్లు. ఈ జలాల్లో ట్యూనా, ఆ జాతికి చెందిన చేపల వనరు దాదాపు 60,000 టన్నులని కేంద్ర మత్స్యశాఖ అంచనా. జపాన్ భోజనశాలల్లో పచ్చిగా వడ్డించే ఎల్లోఫిన్ ట్యూనా వాటిలో ప్రధానమైనది. దీవుల మత్స్యకారుల్లో ఆంధ్ర తీరం నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష.

అసలు కారణం ఇనుము

పచ్చి చేప తిన్న వెంటనే రెడ్ వైన్ తాగితే కొన్నిసార్లు నోటిలో నీచు వాసన మిగులుతుంది. దీనికి కారణాన్ని జపాన్‌లోని మెర్షియన్ సంస్థ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో వివరించారు. వారు 69 రకాల వైన్లను స్కాలప్ అనే ఆల్చిప్ప జాతి జీవి మాంసంతో కలిపి రుచి చూపించారు. ఇనుము ఎక్కువగా ఉన్న వైన్లతోనే నీచు వాసన బలంగా వచ్చింది. ఇనుమును బంధించే పదార్థాన్ని వైన్‌లో కలిపినప్పుడు ఆ వాసన తగ్గింది.

చేపల్లోని అసంతృప్త కొవ్వులు గాలి తగిలి ఆక్సీకరణం చెందుతాయి. అలా మార్పు చెందిన కొవ్వును వైన్‌లోని ఇనుము మరింతగా విడగొట్టి, ఘాటైన వాసన గల సమ్మేళనాలను వెలువరిస్తుంది. దీని నుంచి రెండు విషయాలు తేలుతున్నాయి. రెడ్ వైన్ అయినా ఇనుము తక్కువగా ఉంటే చేపకు సరిపోవచ్చు. వైట్ వైన్ అయినా ఇనుము ఎక్కువైతే పొసగకపోవచ్చు. చేప నిల్వ సరిగా లేక కొవ్వు అప్పటికే ఆక్సీకరణం చెంది ఉంటే ఏ వైన్ పోసినా చిక్కు పెరుగుతుంది. సీసాపై ఇనుము మోతాదు రాసి ఉండదు కాబట్టి వినియోగదారుడు నేరుగా పరీక్షించగలిగేది చేప తాజాదనాన్నే.

ఉమామి, పులుపు, ఘాటు

జపాన్ వంటకు మూలమైన రుచి ఉమామి. టోక్యో శాస్త్రవేత్త కికునాయె ఇకెడా 1908లో కొంబు అనే సముద్రపు నాచు నుంచి గ్లుటామిక్ ఆమ్లాన్ని వేరుచేసి ఈ రుచికి పేరు పెట్టారు. సోయా సాస్‌లోనూ, ఎండబెట్టిన స్కిప్‌జాక్ ట్యూనాతో కాచే చారులోనూ ఉమామి అధికం. లక్షద్వీప్‌లో ఇదే చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి మాస్‌మిన్‌గా నిల్వ చేస్తారు. ఉమామి అధికంగా ఉన్న వంటకం తర్వాత వైన్‌లోని వగరు, చేదు మరింత తీవ్రంగా తోస్తాయి. అందుకే వగరు బలంగా ఉండే రెడ్ వైన్లు సుషీకి నప్పవు.

సుషీ అన్నంలో వెనిగర్, చక్కెర, ఉప్పు కలుపుతారు. పుల్లని పదార్థం తిన్నాక పులుపు తక్కువ ఉన్న వైన్ చప్పగా తోస్తుంది. కాబట్టి వైన్ ఆమ్లత వంటకం పులుపుకు దీటుగా ఉండాలి. తెలుగువారికి ఈ సూత్రం చేపల పులుసు ద్వారా పరిచయమే. చేప నీచును అణచడానికి వాడే చింతపండులోని ప్రధాన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలో, వైన్‌లో ప్రధానంగా ఉండేదీ అదే.

వసాబి ముద్దకు ఘాటునిచ్చే అల్లైల్ ఐసోథయోసయనేట్ మన ఆవపిండిలోనూ ఉంటుంది. ఆవపెట్టిన పనసపొట్టు కూర ముక్కుకు ఎక్కినట్లే వసాబి ఎక్కుతుంది. ఆల్కహాల్ ఎక్కువగా ఉన్న వైన్ ఆ మంటను పెంచుతుంది. ఆల్కహాల్ తక్కువగా, కొద్దిపాటి తీపి ఉన్న వైన్ దాన్ని తగ్గిస్తుంది.

ఏ వంటకానికి ఏ వైన్

తెల్లని కండ గల చేపల సాషిమికి తేలికైన, పుల్లని వైట్ వైన్ తగినది. జపాన్‌లోని యమనాషి ప్రాంతంలో పండే కోషూ ద్రాక్ష వైన్ ఇందుకు ప్రసిద్ధి. భారతదేశంలో నాసిక్ ప్రాంతపు సావిన్యోఁ బ్లాఁ, షెనాఁ బ్లాఁ వైన్లు ఈ అవసరాన్ని తీరుస్తాయి. వీటిని బాగా చల్లబరచి వడ్డించాలి.

ఎల్లోఫిన్ ట్యూనా కండ ఎర్రగా, కొవ్వు తక్కువగా ఉంటుంది. దానికి రోజే వైన్, లేదా వగరు తక్కువగా ఉండే పినో న్వార్ వంటి తేలికపాటి రెడ్ వైన్ నప్పుతుంది. కొవ్వు దండిగా ఉండే ‘తోరో’ ముక్కలు ప్రధానంగా బ్లూఫిన్ ట్యూనా పొట్టభాగం నుంచి వస్తాయి. వాటికి బుడగల వైన్ అనువైనది. అందులోని పులుపు, నురగ నోటిలోని జిడ్డును కడిగేస్తాయి. నూనెలో వేయించే రొయ్యల టెంపురాకూ ఇదే వర్తిస్తుంది. తీపి పూత పూసి కాల్చే తెరియాకికి కొద్దిపాటి తీపి గల రీస్లింగ్ బాగుంటుంది.

పడవలోనే మొదలయ్యే జత

ఈ జాబితా అంతా చేప శ్రేష్ఠంగా ఉన్నప్పుడే పనికొస్తుంది. ఆ శ్రేష్ఠత పడవలోనే నిర్ణయమవుతుంది. ట్యూనా ఇతర చేపల కన్నా వెచ్చని శరీరం గలది. గాలానికి చిక్కి ఎక్కువసేపు పెనుగులాడితే దాని శరీరం మరింత వేడెక్కి, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. కండ పాలిపోయి, మెత్తబడి, పుల్లబడుతుంది. దీన్ని జపాన్ వర్తకులు ‘యాకే’ అంటారు. ఇలాంటి చేప సాషిమికి పనికిరాదు. అందుకే చేపను త్వరగా చంపి, రక్తం కార్చి, పేగులు తీసి, మంచు కలిపిన నీటిలో సున్నా డిగ్రీల సమీపానికి చల్లబరుస్తారు. దూర సముద్రాల్లో వేటాడే జపాన్ నౌకలు ట్యూనాను మైనస్ 60 డిగ్రీల వద్ద ఘనీభవింపజేస్తాయి.

ఇది రుచికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. వేడిలో ఉంచిన ట్యూనాలో బ్యాక్టీరియా హిస్టిడిన్ అనే అమినో ఆమ్లాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు దాని లక్షణాలు. ఒకసారి ఏర్పడిన హిస్టమిన్ వండినా పోదు. కనుక మార్కెట్లో కొన్న సాధారణ చేపను ఇంట్లో పచ్చిగా తినడం క్షేమం కాదు. గర్భిణులు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు పచ్చి చేపకు దూరంగా ఉండాలి.

దీవులకు దక్కేది ఏమిటి

ఒకే ఎల్లోఫిన్ ట్యూనా సాషిమి శ్రేణిలో అమ్ముడైతే ఒక ధర, కూరకో డబ్బాలో నింపడానికో పోతే అంతకన్నా ఎంతో తక్కువ ధర. ఈ తేడాను నిర్ణయించేది మంచు, వేగం, రవాణా. శ్రీ విజయపురం నుంచి చెన్నై, విశాఖపట్నం సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఓడ ప్రయాణానికి రెండు మూడు రోజులు పడుతుంది. తాజా చేపకు విమానమే దారి. విమానం ఎక్కేవరకూ శీతల గొలుసు తెగకూడదు.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద దీవులను ట్యూనా క్లస్టర్‌గా కేంద్రం ప్రకటించింది. 2024 నవంబరు 14న స్వరాజ్ ద్వీప్‌లో మత్స్యరంగ పెట్టుబడిదారుల సదస్సు నిర్వహించింది. పట్టుబడి, శుద్ధి, నిల్వ, ఎగుమతులను ఒక వరుసలో కూర్చడం దీని ఉద్దేశం.

ఆ వరుసలో చిన్న పడవ మత్స్యకారుడి స్థానమే కీలకం. పడవలో తగినంత మంచు, రేవులో శీతల గిడ్డంగి, చేప నాణ్యతను అంచనా వేసే శిక్షణ అతనికి అందితే సాషిమి ధరలో వాటా అడగగలడు. అవి పెద్ద నౌకలకే పరిమితమైతే, తన కళ్లముందున్న సముద్రపు చేపను అతడు కూర ధరకే అమ్ముకోవలసి వస్తుంది. భోజనశాలలో వైన్ ఎంపికకు ఎంత నేర్పు కావాలో, పడవలో మొదటి గంటకు అంతకన్నా ఎక్కువ నేర్పు కావాలి. ఆ గంటలో చెడిన చేపను ఏ వైనూ బాగుచేయలేదు.