చొక్కాచేతి వంటి కడుపు

పెండ్లి పంక్తిలో స్థూలకాయుని చూచి, “కాస్త నోరు కట్టుకోవయ్యా” అని సలహా చెప్పని బంధువు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో అరుదు. నోరు కట్టుకొన్నంత మాత్రమున అందరి బరువును తగ్గదు. బరువు తగ్గినకొలది ఆకలిని హెచ్చించి, పోయినదానిని మరల రాబట్టుకొనుట శరీరస్వభావము. అట్టివారిలో కొందరికి వైద్యులు సూచించు శస్త్రచికిత్స ‘స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ’. దీనికై విశాఖపట్నము పోవ దలచినవారు ముందుగా తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు.

స్లీవ్ అనగా చొక్కాచేయి. మన జీర్ణకోశము సంచి వంటిది. పొట్టపై నాలుగైదు చిన్న రంధ్రములు చేసి, లాపరోస్కోపు సహాయముతో ఆ సంచిని నిలువునా కోసి కుట్టి, నూటికి 75 మొదలు 80 వంతుల వరకు తీసివేయుదురు. మిగులునది సన్నని గొట్టము. ప్రేగులను కదలింపరు. అందుచే కొద్ది అన్నముతోనే కడుపు నిండును. అంతేకాదు, ఆకలి పుట్టించు ‘గ్రెలిన్’ అను హార్మోను హెచ్చుగా తయారగునది తీసివేసిన ఆ భాగముననే. కనుక ఆకలియు మందగించును.

ఈ చికిత్స ఒక విధముగా అనుకోకుండ ఏర్పడినది. 2000 ప్రాంతమున న్యూయార్కులో మిషెల్ గాన్యే అను వైద్యుడు, మిక్కిలి భారీకాయులకు పెద్ద ఆపరేషనును ఒక్కసారి చేయుట అపాయకరమని, మొదటి విడతగా దీనిని చేసెను. కొందరికి రెండవ విడత అవసరమే లేకపోయెను.

ఇది ఎవరికి తగును? బరువును కిలోలలో తీసికొని, ఎత్తును మీటర్లలో రెండుసార్లు భాగించగా వచ్చునది ‘బాడీ మాస్ ఇండెక్స్’. 160 సెంటీమీటర్ల ఎత్తు, 90 కిలోల బరువు గలవారికి అది 35. అంతకు మించినవారికి ఈ తరహా చికిత్సను 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘములు సిఫారసు చేసినవి; ఆసియావాసుల విషయమున 27.5 నుండియే ఆలోచింపవచ్చునన్నవి.

ఏడాది రెండేండ్లలో సుమారు నాలుగవవంతు బరువు తగ్గును. పెక్కుమందికి మధుమేహము, రక్తపుపోటు అదుపులోనికి వచ్చును. కాని తీసివేసిన కడుపు తిరిగి రాదు. నూటికి ఒకరిద్దరికి కుట్లవద్ద కారుట, కొందరికి రక్తస్రావము, మరికొందరికి పులిత్రేన్పుల బాధ కలుగవచ్చును. ఇనుము, బి-12 వంటివి లోపింపకుండ జీవితాంతము మాత్రలు, రక్తపరీక్షలు తప్పవు.

మన ప్రాంతమువారికి మరియొక హెచ్చరిక. ఉద్దానములోని కవిటి, సోంపేట మొదలగు మండలములలో, కారణము ఇంకను పూర్తిగా తేలని మూత్రపిండవ్యాధి ఉన్నది. ఈ చికిత్స పొందినవారు గ్లాసెడు నీరు ఒక్కమారుగా త్రాగజాలరు. దినమంతయు గుక్కగుక్కగా త్రాగవలెను. నీరు చాలనిచో మూత్రపిండములు దెబ్బతినును. కావున ముందే వానిని పరీక్ష చేయించుకొనవలెను. నొప్పిమాత్రలను సొంతముగా మ్రింగరాదు. ఇచ్ఛాపురమునుండి విశాఖకు రెండువందల కిలోమీటర్లకు పైగా దూరము. జ్వరము, ఆగని వాంతులు, కడుపునొప్పి, గుండెదడ కనిపించినచో దగ్గరలో ఏ ఆస్పత్రికి పోవలెనో ఇంటివారు ముందే వైద్యుని అడిగి ఉంచుకొనవలెను.

మొదటి వారములలో మజ్జిగ, పెసరకట్టు వంటి పానీయములు. పిదప మెత్తని ఆహారము. తరువాత పప్పు, గుడ్డు, చేప ముందు, అన్నము పిమ్మట. ఆపరేషను గంట రెండు గంటలలో ముగియును. ఈ నియమము మాత్రము జీవితాంతము.

చివరకు బంధువులకు మా మనవి. నిన్న నోరు కట్టుకొమ్మన్నవారే రేపు పంక్తిలో, “చిక్కిపోయావు, ఇంకొక్క గరిటె వేయించుకో” అందురు. ఆ గరిటెను వెనుకకు తీసికొనుటయే వారు చేయగల సాయము.