25 నిమిషాల వెలుగు: మన ఊరి ఫొటోకు కొన్ని లెక్కలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి అటూ ఇటూగా ఉన్న పట్టణాలు. ఎండ ఏ నెలలో ఏ గోడ మీద పడుతుందో, సాయంత్రపు వెలుగు ఎంతసేపు ఉంటుందో ఈ ఒక్క అంకెను బట్టే తేలుతుంది. ఖరీదైన కెమెరా లేకపోయినా ఫరవాలేదు. లెక్క తెలిస్తే చేతిలో ఉన్న ఫోనుతోనే గుడినీ, బజారునూ, చెరువునూ చక్కగా తీయొచ్చు.

25 నిమిషాలు

సూర్యుడు 6 డిగ్రీల ఎత్తుకు దిగాక ఎండ పసుపు తిరిగి మెత్తబడుతుంది. మార్చి, సెప్టెంబరుల్లో మన దగ్గర సూర్యుడు దాదాపు నిటారుగా, గంటకు 14 డిగ్రీలకు పైగా దిగిపోతాడు. కాబట్టి ఆ వెలుగు దాదాపు 25 నిమిషాలే ఉంటుంది. అదే రోజుల్లో లండన్‌లో దాదాపు 40 నిమిషాలు ఉంటుంది. సూర్యాపేట సద్దల చెరువు కట్ట మీద చోటు ముందే చూసి పెట్టుకుని, పొద్దుగుంకడానికి అరగంట ముందే అక్కడ ఉండాలి. పొద్దుగుంకాక మరో 20 నిమిషాలు ఆకాశం నీలంగా ఉంటుంది. వీధి దీపాలూ ఆకాశమూ ఒకే ఫొటోలో కుదిరేది అప్పుడే.

బజారు లెక్క వేరు. సూర్యుడు 6 డిగ్రీల ఎత్తున ఉంటే 10 మీటర్ల భవనం నీడ 95 మీటర్లు సాగి ఎదుటి దుకాణాలన్నిటినీ కప్పేస్తుంది. 45 డిగ్రీల దగ్గర నీడ భవనం ఎత్తుకు సమానం. మార్చి, సెప్టెంబరుల్లో ఆ వేళ ఉదయం సుమారు తొమ్మిదింపావుకు, మధ్యాహ్నం మూడింటికి వస్తుంది.

ఆరు నెలలు

సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్ల కాలంలో ఇక్కడ నామేశ్వరాలయం 1202లో, ఎరకేశ్వరాలయం 1208లో వెలిశాయి. చెక్కడం మీద ఎండ ఎదురుగా పడితే లోతు తెలియదు. పక్కనుంచి గోడను రాసుకుంటూ పోతేనే గీత గీతా లేచి కనిపిస్తుంది.

సెప్టెంబరు 23 నుంచి మార్చి 21 వరకు ఉత్తరపు గోడకు ఎండ నేరుగా తగలదు. ఆ ఆరు నెలలూ దక్షిణపు గోడవి. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మే 8, ఆగస్టు 4 ప్రాంతాల్లో సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండు తేదీల మధ్య మిట్టమధ్యాహ్నపు ఎండ ఉత్తరం నుంచి పడుతుంది. చూరు అడ్డం లేని చోట ఉత్తరపు గోడ తీయడానికి అదే అదను.

మిట్టమధ్యాహ్నం అంటే గడియారంలో 12 కాదు. భారత కాలమానం 82.5 డిగ్రీల రేఖాంశానిది, సూర్యాపేట 79.6 దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మనకు సగటున 12:12 అవుతుంది.

ఒకటిన్నర రెట్లు

ఫోను పైకెత్తితే భవనం వెనక్కి వాలినట్టు వస్తుంది. గోడలు నిటారుగా రావాలంటే ఫోనును నిలువుగా, వంచకుండా పట్టాలి. 26 మిల్లీమీటర్లకు సమానమైన మామూలు ఫోను లెన్సుకు, కంటి మట్టానికి పైనున్న ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరం కావాలి. పదకొండున్నర మీటర్ల భవనానికి నేల మీద నిలబడితే 15 మీటర్లు అవసరం. ఎదుటి ఇంటి మేడ మీద, కన్ను 5 మీటర్ల ఎత్తున ఉంటే 10 మీటర్లు చాలు. ఇరుకు వీధిలో ఎదుటి ఇంటివాళ్లను అడిగి మేడ ఎక్కడమే మంచి దారి.

రెండు పంటలు

నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు. మిర్యాలగూడ, కోదాడ చుట్టూ ఈనాడు కనిపించే వరి మాగాణం ఎడమ కాలువ చలవే. నాట్లు పడిన తొలి రెండు మూడు వారాలు మడి అద్దంలా ఉంటుంది, తర్వాత పైరు నీటిని కప్పేస్తుంది. వానాకాలంలో జులై, ఆగస్టు, యాసంగిలో డిసెంబరు, జనవరి ఇందుకు అనువైన నెలలు. రైసుమిల్లు పొగగొట్టం ప్రతిబింబం మడిలో పడే కోణం దొరికితే ఈ ప్రాంతపు బతుకుదెరువంతా ఒక్క ఫొటోలో ఉంటుంది.

సూర్యాపేట 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. హైవే వెంట ఊళ్లు మారిపోతున్నాయి, పాత ఇళ్లు కూలి అంతస్తులు లేస్తున్నాయి. ఏటా అదే తేదీన, అదే వేళకు, అదే చోట నిలబడి, అదే దిక్కుకు తిరిగి ఒక ఫొటో తీయండి. ఈ నాలుగు వివరాలూ ఫొటోతో పాటు రాసి పెట్టండి. ఎండ పడే కోణం మారదు కాబట్టి, రెండు ఫొటోల మధ్య కనిపించే తేడా అంతా మన ఊరిదే అవుతుంది.