ఊటీ చలికీ కటక్ ఎండకీ ఓర్చిన బంగారు తీగ

వేసవి ముదిరిందంటే చెరువులో చేపలు చచ్చి తేలాయన్న వార్త ఏదో ఒక ఊరి నుంచి వస్తూనే ఉంటుంది. వేడికి ఉడికిపోయాయని అనుకుంటాం. వేడికి బాగా ఓర్చుకునే చేపలు కూడా అలా చస్తుంటాయి. ఎందుకో ఈసారి చెప్పుకుందాం. చెరువు పాటకు తీసుకున్నవారూ, ఇంట్లో గాజు తొట్టెలో చేపలు పెంచేవారూ మన కుటుంబాల్లో ఉన్నారు గనుక ఇది పనికొచ్చే సంగతే.

చలినీ వేడినీ రెండింటినీ తట్టుకుని బతికే జీవులను శాస్త్రంలో యూరీథర్మల్ జీవులంటారు. కొద్దిపాటి తేడాకే తాళలేనివి స్టెనోథర్మల్ జీవులు. మొదటి రకానికి మన కళ్ళెదుట ఉన్న ఉదాహరణ కామన్ కార్ప్. తెలుగులో బంగారు తీగ, తమిళంలో సాదా కెండై, కన్నడంలో సామాన్య గెండె.

ఇది మన దేశపు చేప కాదు. ఇందులో ఒక రకాన్ని 1939లో సిలోన్ నుంచి నీలగిరులకు తెచ్చారు. ఇంకో రకాన్ని 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కు తెచ్చారు. ఊటీలో శీతాకాలం రాత్రుళ్ళు మంచు పేరుకుంటుంది. కటక్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బంగారు తీగ రెండు చోట్లా నిలిచింది. అదే నీలగిరులకు తెచ్చిన ట్రౌట్ చేపకు చల్లని నీళ్ళే కావాలి. అది కొండ దిగి మైదానపు చెరువులకు రాలేకపోయింది.

ఈ ఓర్పు ఎలా వచ్చింది? వంటింట్లో చూడండి. చలికి నెయ్యి పేరుకుంటుంది, నువ్వుల నూనె పేరుకోదు. ప్రాణుల కణాల పొరల్లోనూ కొవ్వు ఉంటుంది. అది గట్టిపడితే కణం పని సాగదు. నీళ్ళు చల్లబడినప్పుడు బంగారు తీగ ఆ పొరల్లో నూనెలాంటి కొవ్వును పెంచుకుంటుంది, వేడెక్కినప్పుడు తగ్గించుకుంటుంది. కండరాల్లోని ప్రొటీన్ల రకం కూడా మార్చుకుంటుంది. అయితే బతకడం వేరు, ఎదగడం వేరు. ఇది బాగా పెరిగేది 23 నుంచి 30 డిగ్రీల నీళ్ళలోనే.

ఇక్కడ గుర్తుంచుకోవలసినవి రెండు. మొదటిది, ఈ సర్దుబాటుకు రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. నెమ్మదిగా వచ్చిన వేడిని తట్టుకున్న చేప హఠాత్తుగా వచ్చిన మార్పుకు చచ్చిపోవచ్చు. రెండోది గాలి. 0 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 14 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది. 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. వేడిలో చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, నీళ్ళలో ఉండేదేమో తక్కువ. రాత్రంతా నాచు కూడా దాన్నే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తాయి. ప్రమాదానికి అదే గుర్తు.

అలా కనిపిస్తే ఆ రోజు మేత ఆపాలి. కొత్త నీళ్ళు పెట్టాలి. మోటారుతో నీళ్ళు ఎత్తు నుంచి పడేలా చేయాలి. చేపపిల్లలను తెచ్చినప్పుడు సంచిని పావుగంటకు పైగా చెరువులో తేలనిచ్చి, అందులోకి చెరువు నీళ్ళు కొద్దికొద్దిగా కలిపి, తర్వాతే వదలాలి. ఇంటి తొట్టెలో నీళ్ళు మార్చేటప్పుడూ అంతే. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్ళు కాగిపోయి ఉంటాయి. వాటిని బకెట్లో పట్టి చల్లారనిచ్చి పోయాలి.

చివరగా ఇంకొక్క మాట. ఎక్కడైనా బతకగలిగేది ఎక్కడైనా మంచిది కాదు. కాశ్మీరులోని దాల్ సరస్సులో బంగారు తీగ పెరిగాక అక్కడి చల్లనీటి చేపలకు చోటు తగ్గింది. పెంచలేక విసుగొచ్చిన తొట్టె చేపలను పిల్లలు జాలిపడి ఊరి చెరువులోనో వాగులోనో వదులుతుంటారు. అలా చేయవద్దని పెద్దలు నచ్చజెప్పాలి. పెంచుకునే ఇంకో ఇంటికిస్తే చేపా బతుకుతుంది, చెరువులో ఉన్న మన చేపలూ బతుకుతాయి.