ఎడమ కాలువ, దాని మీది అప్పు

మిర్యాలగూడ వరిపొలాలకు నీళ్లెక్కడివంటే సాగర్ ఎడమ కాలువవని చిన్నపిల్లలైనా చెబుతారు. (లాల్‌బహదూర్ కాలువ అనే అసలు పేరు ఎవరికీ గుర్తులేదు!) ఆ కాలువ బాగుచేతకు డబ్బెక్కడిదంటే మాత్రం మన పట్టభద్రులు కూడా తడుముకుంటారు.

1955లో నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన సాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఏళ్లు గడిచేకొద్దీ కాలువలు పూడి, గట్లు బలహీనపడి, చివరి ఆయకట్టుకు నీరందడం కష్టమైంది. 2010లో ప్రపంచబ్యాంకు, ముఖ్యంగా సాగర్ ఆధునికీకరణ కోసం, సుమారు 45 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. ఇది దానం కాదు సుమా, అప్పు. డాలర్లు ముందు ఢిల్లీ చేరతాయి. కేంద్రం అవే షరతులతో రాష్ట్రానికిస్తుంది. రూపాయి విలువ పడిపోతే ఆ నష్టం రాష్ట్ర ఖజానాదే, అంటే మనదే. మూసీ నీళ్లతో సేద్యం చేసే సూర్యాపేట రైతు కూడా పన్నుల రూపంలో ఈ వాయిదాల్లో భాగస్తుడే.

మరి ఆ లైనింగును ఏటా చూసుకొనేదెవరు? 1997 చట్టం నీటి పంపకం, పూడికతీత రైతుల నీటి సంఘాలకు అప్పగించింది. నా మట్టుకు నాకు, అప్పు తేవడం కంటే కష్టమైన పని ఇదే. కొత్త కాంక్రీటుకు ప్రారంభోత్సవం ఉంటుంది గానీ తూము దగ్గర పూడిక తీస్తే ఎవరు రిబ్బను కత్తిరిస్తారు?

2024 సెప్టెంబరు మొదట్లో కుండపోత వానలకు కోదాడ దగ్గరి నడిగూడెం మండలంలో ఈ కాలువకే గండి పడింది. నీళ్లు పొలాల మీద పడ్డాయి. దిగువ ఆయకట్టు గండి పూడేదాకా ఎదురుచూసింది.