పాటకు పేరుచీటీ: డిజిటల్ సంగీత సేకరణను సర్దుకోవడం ఎలా?

1902 నవంబరులో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ కోసం పాడిన గౌహర్ జాన్, పాట ముగియగానే తన పేరును ఆంగ్లంలో స్పష్టంగా ప్రకటించేవారు. ఆ ముద్రణలు ఓడల్లో జర్మనీలోని హానోవర్‌కు చేరి అక్కడ రికార్డులుగా అచ్చయ్యేవి. అక్కడి కార్మికులకు ఈ దేశపు భాషలు తెలియవు కనుక, ఏ రికార్డుపై ఎవరి పేరు ముద్రించాలో తెలియడానికే ఈ ఏర్పాటు అని చరిత్రకారులు వివరిస్తారు. భారతీయ ధ్వనిముద్రణకు తొలి పేరుచీటీ ఆ గొంతే అనుకోవచ్చు.

తొమ్మిది దశాబ్దాల తరువాత ఎంపీ3 ఫైళ్లకూ ఇదే చిక్కు వచ్చింది. ఫైలులో పాట ఉండేది గానీ, అది ఎవరి పాటో చెప్పే ఆధారం లోపల ఉండేది కాదు. 1996లో ఎరిక్ కెంప్ అనే ప్రోగ్రామర్ ఒక పరిష్కారం చూపారు. ఫైలు చిట్టచివర 128 బైట్ల చిన్న గదిని చేర్చి పాట పేరుకు 30, గాయకుల పేరుకు 30, ఆల్బమ్‌కు 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకు 30 బైట్లు కేటాయించారు. సంగీత శైలికి దక్కింది ఒకే ఒక్క బైటు. ఐడీ3 ట్యాగ్ అని పిలిచే ఈ చీటీ కూడా, గౌహర్ జాన్ ప్రకటన మాదిరిగానే, పాట చివరనే ఉండటం యాదృచ్ఛికమే అయినా ఆసక్తికరం.

ఆ ఇరుకు గదిలో మన పేర్లు పట్టవు. నేటి యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది; గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న కూడా వేర్వేరు సంకేతాలే. ఆ లెక్కన ‘ఘంటసాల’కు 18 బైట్లు సరిపోతాయి. ‘బాలసుబ్రహ్మణ్యం’కు మాత్రం 45 కావాలి. శైలుల సంగతి మరీ విచిత్రం. మొదటి జాబితాలోని 80 శైలుల్లో పోల్కాకు చోటుంది. కర్ణాటక సంగీతానికిగానీ, హిందుస్తానీకిగానీ లేదు. 1998లో వచ్చిన ఐడీ3 రెండో రూపం ఈ హద్దులను చాలావరకు తొలగించింది. గాయకులు, సంగీత దర్శకులు, గీత రచయితలకు వేర్వేరు గడులు ఏర్పడ్డాయి. శైలిని మన మాటల్లోనే రాసుకునే వీలు, యూనికోడ్ అక్షరాలకు చోటు కలిగాయి.

గడులు ఏర్పడినా వాటిని నింపేవారు తక్కువ. ఇంటర్నెట్‌లో చేతులు మారిన తెలుగు పాటల ఫైళ్లను తెరిచి చూస్తే, గాయకుల గడిలో వెబ్‌సైట్ పేరో హీరో పేరో కనిపించడం సర్వసాధారణం. గీత రచయిత గడి దాదాపు ఎప్పుడూ ఖాళీయే.

ఎవరి పేరు ఏ గడిలో?

పాశ్చాత్య పాప్ సంగీతంలో ఆల్బమ్ అంటే ఒక కళాకారుడిది. మన సినిమా ఆల్బమ్ ఒకరి సొత్తు కాదు. 1957 నాటి ‘మాయాబజార్’నే తీసుకుందాం. సంగీత దర్శకుడు ఘంటసాల. నాలుగు బాణీలు సాలూరి రాజేశ్వరరావువి. పాటలు రాసినది పింగళి నాగేంద్రరావు. గాయకులలో ఘంటసాలతో పాటు పి.లీల, పి.సుశీల కూడా ఉన్నారు. గాయకుల పేర్లను బట్టి ఆల్బమ్‌లను విభజించే ప్లేయర్‌లో ఈ ఒక్క సినిమా నాలుగైదు ముక్కలవుతుంది. దీనికి మందు ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ అనే గడి. అందులో అన్ని పాటలకూ సంగీత దర్శకుడి పేరు ఒకే విధంగా రాస్తే సినిమా ఒక్కచోట నిలుస్తుంది. పాడినవారి పేర్లు ‘ఆర్టిస్ట్’ గడిలో పాటపాటకూ మారవచ్చు.

‘శంకరాభరణం’ ఇంకొంచెం కఠినమైన ప్రశ్న వేస్తుంది. అందులో వేటూరి రాసిన పాటలతో పాటు భద్రాచల రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రులు, మైసూరు వాసుదేవాచార్యుల రచనలు ఉన్నాయి. వాటికి ‘కంపోజర్’ గడిలో కె.వి.మహదేవన్ పేరు రాయాలా, వాగ్గేయకారుడి పేరు రాయాలా? సినిమాగా వినాలనుకునేవారికి మహదేవన్, కీర్తనగా వెతికేవారికి వాగ్గేయకారుడు అవసరం. వాగ్గేయకారుడిని ‘కంపోజర్’ గడిలోనూ, మహదేవన్‌ను ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’లోనూ ఉంచడం మేలు. ఏ పద్ధతి ఎంచుకున్నా సేకరణ అంతటా దాన్నే పాటించాలి.

సినిమా పేరు పక్కన సంవత్సరం చేర్చడం మరో తప్పనిసరి జాగ్రత్త. ‘దేవదాసు’ పేరుతో తెలుగులో 1953లో, 1974లో, 2006లో సినిమాలు వచ్చాయి. సంవత్సరం లేకపోతే సుబ్బరామన్, రమేష్ నాయుడు, చక్రి బాణీలన్నీ ఒకే ఆల్బమ్‌గా కలిసిపోవచ్చు.

పేర్ల వర్ణక్రమం అంతకన్నా పెద్ద తలనొప్పి. ‘పి.సుశీల’, మధ్యలో ఖాళీ వదిలిన ‘పి. సుశీల’ మనకు ఒక్కరే, కంప్యూటర్‌కు ఇద్దరు. రోమన్ లిపిలో రాస్తే ఆ ఇద్దరు ఆరుగురైనా ఆశ్చర్యం లేదు. తెలుగు లిపిలోనే రాసుకుంటే ఈ గందరగోళం బాగా తగ్గుతుంది. కారులోని పాత ప్లేయర్ తెలుగు అక్షరాలకు బదులు డబ్బాలు చూపిస్తే మాత్రం రోమన్ లిపితో సర్దుకోక తప్పదు. ఎంపీ3ట్యాగ్, మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వందల ఫైళ్లలోని పేర్లను ఒకేసారి సరిచేయవచ్చు. పికార్డ్ పాట ధ్వనిని బట్టి కూడా వివరాలు వెతుకుతుంది. అయితే పాత తెలుగు పాటల విషయంలో దాని జవాబును సరిచూసుకోకుండా అంగీకరించరాదు.

శాస్త్రీయ సంగీతానికి వరుస ప్రాణం. త్యాగరాజ పంచరత్న కీర్తనలను నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల క్రమంలో పాడటం సంప్రదాయం. రాగం పేరుతో అక్షరక్రమంలో పేర్చితే ఆరభి ముందుకు వచ్చి, నాట మూడో స్థానానికి జారుతుంది. ట్రాక్ సంఖ్య గడిని నింపితే ఈ ఇబ్బంది ఉండదు. ఫైలు పేరులో సంఖ్య రాసేటప్పుడు 1కి బదులు 01 అని రాయాలి. లేకపోతే కొన్ని ప్లేయర్లలో 1 తరువాత 10 వస్తుంది. ఆలాపన ఒక ట్రాక్‌గా, కీర్తన మరో ట్రాక్‌గా ఉన్న కచేరీలను షఫుల్‌లో వినడం కంటే వినకపోవడమే నయం.

ప్లేలిస్టు అంటే పాటలు కావు

ప్లేలిస్టులో పాటలు ఉండవు. పాటల చిరునామాలు మాత్రమే ఉంటాయి. ఎం3యూ అనే ప్లేలిస్టు ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఏ డ్రైవ్‌లో, ఏ ఫోల్డర్‌లో, ఏ పేరుతో పాట ఉందో వరుసగా కనిపిస్తుంది. అందువల్ల ఒకే పాటను పది జాబితాలలో చేర్చినా డిస్కులో అదనపు స్థలం ఖర్చు కాదు. అందువల్లే ఫోల్డర్ పేరు మార్చిన మరుక్షణం జాబితా మూగబోతుంది కూడా. పాటలను సినిమాల వారీగా ఒకసారి స్థిరంగా అమర్చి, ఆ తరువాతే ప్లేలిస్టులు తయారు చేయాలి. తెలుగు ఫైలు పేర్లు ఉంటే జాబితాను ఎం3యూ8 రూపంలో భద్రపరచడం క్షేమం.

నియమాల ఆధారంగా తనంతట తానే నిండే స్మార్ట్ ప్లేలిస్టులను ఆపిల్ 2002లో ఐట్యూన్స్‌లో ప్రవేశపెట్టింది. ‘గీత రచయిత ఆత్రేయ, సంవత్సరం 1970కి ముందు’ వంటి నియమాన్ని వీలు కల్పించే ప్లేయర్‌లో పెడితే జాబితా క్షణంలో సిద్ధమవుతుంది. పైన చెప్పిన గడులు నింపే శ్రమకు ప్రతిఫలం దక్కేది ఇక్కడే.

స్ట్రీమింగ్ యాప్‌లలో ఫైళ్ల బెడద లేదు. వాటిలో జాబితా మనది, పాట మాత్రం అద్దెది. సరెగమ సంస్థతో వివాదం వల్ల 2019లో స్పాటిఫై నుంచి ఆ సంస్థ పాటలు మాయమై, 2020లో ఒప్పందం కుదిరాకే తిరిగివచ్చాయి. 2023లో జీ మ్యూజిక్ పాటల విషయంలోనూ అలాగే తొలగింపు జరిగింది. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది. వినియోగదారులకు తమ జాబితాలను యూట్యూబ్ మ్యూజిక్‌కు తరలించుకునే గడువు ఇచ్చారు. ఎయిర్‌టెల్ తన వింక్ మ్యూజిక్‌ను మూసివేస్తున్నట్టు 2024 ఆగస్టులో ప్రకటించింది. ఏళ్ల తరబడి కూర్చుకున్న జాబితా ఉన్నవారు పాట, సినిమా, గాయకుల పేర్లను కనీసం ఒక స్ప్రెడ్‌షీట్‌లోనైనా నకలు తీసి ఉంచుకోవాలి. యాప్ మారినా ఆ పేర్లతో పాటలను మళ్లీ వెతుక్కోవచ్చు.

ఏ యాప్‌లోనూ దొరకనివి ఇళ్లలోని క్యాసెట్లు. హరికథలు, నాటక పద్యాలు, ఆలయ ఉత్సవాల్లో ఎవరో పట్టిన కచేరీలు, పెళ్లిలో అమ్మమ్మలు పాడిన పాటలు వాటిలో ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు ఫైలుకు ‘ట్రాక్ 01’ అన్న పేరే పడుతుంది. ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టగల పెద్దలను పక్కన కూర్చోబెట్టుకుని ఆ రోజే పేరు, ఊరు, సుమారు సంవత్సరం వ్యాఖ్య గడిలో రాయాలి. కొన్న క్యాసెట్ అయితే పెట్టెలోని అట్టను రెండువైపులా ఫొటో తీసి ట్యాగ్‌లోనే జతచేయవచ్చు. చాలా భక్తిగీతాలకు, జానపద గీతాలకు రచయిత పేరు, పక్క వాద్యకారుల పేర్లు నేడు మిగిలి ఉన్నది ఆ అట్ట మీదే.