కార్వాన్ నుండి ట్రైలరు దాకా : లాగే బండిని ఎంచుకోవడం

హైదరాబాదులో పురానాపూల్ దాటి గోలకొండ వైపు సాగితే కార్వాన్ అనే పేట వస్తుంది. ఆ పేరు పారసీక భాషనుండి ఉర్దూలోనికి వచ్చినది. గుంపుగా కూడి ప్రయాణం చేసే బాటసారుల సమూహమని దాని అర్థం. అదే మాట ఐరోపా ఖండం చేరి, కాలక్రమాన చక్రాలమీద నిలిపిన చిన్న ఇంటికి పేరైనది. ఇంగ్లండులో మోటారు వెనుక తగిలించి లాగుకొనిపోయే గదిని నేటికీ కారవాన్ అనే అంటారు. అమెరికాలో దానినే ట్రావెల్ ట్రైలర్ అంటారు. అందులో మంచాలుంటాయి, పొయ్యి ఉంటుంది, నీళ్ళతొట్టి ఉంటుంది. సెలవులు రాగానే కుటుంబమంతా ఆ గదిని ట్రక్కుకు తగిలించుకొని కొండలకో, సరస్సులకో బయలుదేరుతారు.

తెలుగు పాఠం చెప్పుకొనే మాకు ట్రక్కులతో పనేమని సంచిక సంపాదక వర్గంలోని ఒక మిత్రుడు చిరునవ్వుతో అడిగాడు. పని కల్పించినవాడు మా పినతల్లి కుమారుడు. టెక్సస్ రాష్ట్రంలో డల్లాస్ నగరం దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. ట్రైలరు కొనదలచి, దానిని లాగడానికి ఏ పికప్ ట్రక్కు తగినదని మమ్మల్ని సలహా అడిగాడు. చదువుకున్న అన్న కదా అని అడిగాడే గాని, మాకు ఆ విద్య తెలిసి కాదు. ప్రకటనలో 9,000 పౌన్లు, అనగా సుమారు 4,080 కిలోలు లాగగలదని వ్రాసి ఉన్నది. ట్రైలరు సామానుతో కలిపి 5,500 పౌన్లు. "ఇంకేమి, కావలసినదానికంటె ఎక్కువే ఉన్నది, తీసుకో" అన్నాము. ఆ మాట ఎంత తొందరపాటుదో తరువాత తెలిసినది. మన కళాశాలనుండి ఆ దేశానికి పోయినవారు, పోబోయేవారు కొందరున్నారు గనుక ఆ లెక్కను ఇక్కడ విప్పి చెప్పదలచాము.

అమెరికాలో పికప్ అంటే సరకులు మోసే బండి మాత్రమే కాదు, ఇంటి బండి కూడాను. ఫోర్డు కంపెనీ ఎఫ్ శ్రేణి ట్రక్కులు 1948లో మొదలైనవి. నేడు ఎఫ్-150, షెవ్రొలే సిల్వరాడో 1500, ర్యామ్ 1500, టొయోటా టండ్రా మొదలైనవాటిని అర టన్ను ట్రక్కులంటారు. ఆ అర టన్ను పాతకాలపు పేరే. ఇప్పటివి అంతకన్న ఎక్కువ మోస్తాయి. వీటికంటె చిన్నవి టకోమా, రేంజర్. మరీ చిన్నది 2022 మాడలుగా వచ్చిన మావరిక్. పై తరగతిలో ముప్పాతిక టన్నువని పిలిచే ఎఫ్-250 వంటివి ఉన్నాయి. ట్రైలర్లలోనూ తరతమ భేదాలున్నాయి. వాలీ బయామ్ అనే ఆయన 1931లో స్థాపించిన ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీవి అల్యూమినియపు రేకుతో గుండ్రంగా ఉండి గాలిని చీల్చుకొని పోతాయి. ఎక్కువ భాగం నలుచదరపు పెట్టెలు. గాలికి ఎదురు నిలిచే ఆ గోడ వెడల్పు కూడా లాగే బండికి భారమే. త్రాసుమీద అది కనబడదు గాని పెట్రోలు బంకు దగ్గర తప్పక కనబడుతుంది.

అసలు సంగతి మా ప్రాంతపు ఎద్దుబండిలోనే ఉన్నది. మా తాతగారు బేతంచెర్ల నాపరాళ్ళు బండిమీద తోలేవారు. రాళ్ళు ఎత్తేటప్పుడు ఆయన కళ్ళు ఇరుసుమీదనే ఉండేవి. బరువు ఇరుసుకు ముందు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడలను నలిపివేస్తుంది. వెనుక ఎక్కువైతే నొగ పైకి లేచి పలుపులు ఎద్దుల గొంతుకు బిగుసుకొంటాయి. కాడిమీద కొంత బరువు ఆనాలి, అతిగా ఆనరాదు. ట్రైలరు సంగతీ ఇంతే. దాని ముందు భాగాన నొగవలె పొడుచుకొని వచ్చిన ఇనుప కమ్మిని అమెరికావారు నాలుక అంటారు. అది ట్రక్కు కొక్కెంమీద మోపే బరువు నాలుక బరువు. ట్రైలరు మొత్తం బరువులో అది నూటికి 10 నుండి 15 పాళ్ళు ఉండాలి. పదికి తగ్గితే ట్రైలరు తోక ఊపడం మొదలుపెడుతుంది. పదిహేనుకు మించితే ట్రక్కు వెనుక కుంగి, ముందు చక్రాలు నేలను గట్టిగా పట్టవు.

మా తమ్ముడు ఈ లెక్క తెలియకనే బయలుదేరాడు. భార్య, ఇద్దరు పిల్లలు వెంట ఉన్నారు. ట్రైలరు నీళ్ళతొట్టి ఇరుసుకు వెనుక ఉన్నది. దానిని నిండా నింపాడు. సైకిళ్ళు ట్రైలరు వెనుక తగిలించాడు. అర్కన్సా కొండలలో ఒక దిగుడులో, వేగం 70 మైళ్ళకు చేరిన వేళ, పెద్ద లారీ ఒకటి పక్కనుండి దాటిపోయినది. ఆ గాలి దెబ్బకు ట్రైలరు అటు ఊగి, ఇటు ఊగి, ప్రతి ఊపూ ముందటి దానికంటె పెద్దదైనది. "అన్నా, వెనుకనుంచి ఎవరో బండిని పట్టుకొని ఊపినట్టయింది, రోడ్డు నా చేతిలో లేకుండా పోయింది" అని ఆ రాత్రి ఫోనులో చెప్పాడు. పిల్లలు ఏడుస్తున్న ధ్వని మాకు వినబడుతూనే ఉన్నది. 9,000 పౌన్ల మాట చెప్పినవారము మేమే గనుక ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

అటువంటప్పుడు ఎవరికైనా ముందుగా తోచేది ట్రక్కు బ్రేకు గట్టిగా తొక్కడం, లేదా స్టీరింగును ఎదురు తిప్పడం. రెండూ ప్రమాదమే. వెనుక బండి ఇంకా ముందుకు తోసుకొని వచ్చి అడ్డం తిరుగుతుంది. స్టీరింగును నిటారుగా పట్టుకొని, ఆక్సిలరేటరు మీదనుండి కాలు తీసి, ట్రైలరు బ్రేకులను మాత్రం చేతితో పట్టాలి. అందుకు డ్రైవరు ముందర ఒక చిన్న మీట ఉంటుంది. మా తమ్మునికి బండి అమ్మినవారు చెప్పిన ఒకే ఒక మంచి మాట ఆ మీట గురించినది. అతడు దానిని నొక్కాడు. వెనుకనుండి ఎవరో తోక పట్టి లాగినట్లు ట్రైలరు చక్కబడినది.

మరునాడు లారీలు ఆగే చోట తూకం వేయించాడు. ఆ దేశపు రహదారులలో క్యాట్ స్కేల్ అనే వేబ్రిడ్జీలు ఉంటాయి. మన వేబ్రిడ్జి బండి మొత్తం బరువును చెబుతుంది. అక్కడ ముందు ఇరుసు, వెనుక ఇరుసు, ట్రైలరు ఇరుసు బరువులను వేరువేరుగా చెబుతారు. ట్రక్కు ఒక్కటే, మనుషులతో, సామానుతో 6,120 పౌన్లు తూగినది. ట్రైలరు తగిలించినప్పుడు ట్రక్కు ఇరుసులమీద 6,450, ట్రైలరు ఇరుసుమీద 5,170. ట్రక్కుమీద పెరిగిన 330 పౌన్లే నాలుక బరువు. ట్రైలరు మొత్తం 5,500. అంటే నూటికి ఆరు పాళ్ళు! తాతగారి భాషలో చెప్పాలంటే నొగ లేచిన బండి.

నీళ్ళు వదిలివేశాడు, 30 గ్యాలన్ల నీరు 250 పౌన్లు. సైకిళ్ళను, డబ్బాలను ఇరుసుకు ముందుకు మార్చాడు. ట్రైలరు 5,250కి దిగి, నాలుక బరువు 680 అయినది, నూటికి 13 పాళ్ళు. ట్రైలరుకు సంబంధించినంతవరకు సరిపోయినది. అయితే మరొక తలుపు అప్పుడు తెరుచుకొన్నది, అక్షరాలా తలుపే. డ్రైవరు తలుపు తెరిస్తే చట్రంమీద ఒక చీటీ అంటించి ఉంటుంది. ఈ వాహనంలోని మనుషుల, సామాను బరువు మొత్తం ఇన్ని పౌన్లకు ఎన్నడూ మించరాదని దానిమీద ఉంటుంది. దీనినే పేలోడ్ అంటారు. మావాని ట్రక్కు చీటీలో ఉన్నది 1,500 పౌన్లు. మనుషులు 440, కొక్కెపు సామగ్రి 80, ట్రక్కులోని సామాను 300, నాలుక బరువు 680. కూడితే సరిగా 1,500. ఒక్క పౌను ఖాళీ లేదు. త్రాగే నీళ్ళ సీసాలు ఎక్కడ పెట్టుకోవాలి?

మేము తప్పు చేసినది ఇక్కడనే. లాగగల బరువును చూశాము గాని మోయగల బరువును చూడలేదు. లాగే బలం మిగిలి ఉండగానే మోసే బలం అయిపోతుంది. ప్రకటనలోని అంకె అబద్ధం కాదు. దానికి జె2807 అనే ప్రమాణం ఒకటి ఉన్నది. అరిజోనాలో డేవిస్ డ్యాము దగ్గర మొదలై 11 మైళ్ళకు పైగా ఎక్కే ఘాటు రోడ్డుమీద, 38 డిగ్రీల సెంటిగ్రేడు ఎండలో, ఎయిర్ కండిషనర్ పూర్తిగా నడుస్తుండగా, అర టన్ను ట్రక్కు గంటకు 40 మైళ్ళకు తగ్గకుండా ఎక్కాలి. 2011 మాడళ్ళకు టొయోటా దీనిని మొదట పాటించినది, తక్కినవారు తరువాత వచ్చారు. మంచి పరీక్షే. అయితే ఆ పరీక్షలో ట్రక్కులో కూర్చునేది 150 పౌన్ల మనుషులు ఇద్దరే. వెనుక సీటులో పిల్లలు లేరు, వారి సైకిళ్ళు లేవు, వంట గిన్నెలు లేవు.

మరొక భ్రమ కూడా ఉన్నది. బరువును పంచే హిచ్ అనే పరికరం ఉన్నది. అది స్ప్రింగు కడ్డీలతో నాలుక బరువులో కొంత భాగాన్ని ట్రక్కు ముందు ఇరుసుకు, కొంత తిరిగి ట్రైలరు ఇరుసుకు మళ్ళిస్తుంది. కుంగిన వెనుక భాగం లేస్తుంది, ముందు చక్రాలు పట్టు సంపాదిస్తాయి. దానిని తగిలిస్తే చీటీలోని అంకె పెరిగినట్లే అని కొందరు అనుకొంటారు. పెరగదు.

ఒకే పేరున్న రెండు ట్రక్కుల చీటీలు ఒకటిగా ఉండవు. నాలుగు చక్రాలకు శక్తినిచ్చే యంత్రాంగం, గాజు కప్పు, తోలు సీట్లు, ఇవన్నీ బరువే. అవి కలిగినకొద్దీ చీటీలోని అంకె తగ్గుతుంది. డబ్బు ఎక్కువ పెట్టిన ట్రక్కు తక్కువ మోయడం మనకు విచిత్రంగా తోస్తుంది. కాబట్టి పుస్తకం చూసి కాదు, కొనబోయే ఆ ఒక్క ట్రక్కు తలుపు తెరిచి చూడాలి. ట్రైలరు విషయంలోనూ ఖాళీ బరువును నమ్మరాదు. మావాని ట్రైలరు ఖాళీ బరువు 4,400 మాత్రమే. గ్యాసు సిలిండర్లు, బ్యాటరీ, పరుపులు, నీళ్ళు, తిండి దినుసులు చేరి 5,500 అయినది. ట్రైలరుకు నిర్ణయించిన గరిష్ఠ బరువునే లెక్కలోనికి తీసుకోవాలి.

ఇంజను గురించి అమ్మేవారే కావలసినంత చెబుతారు గనుక మేము ఎక్కువ చెప్పము. టర్బో లేని ఇంజను ఎత్తు పెరిగినకొద్దీ వెయ్యి అడుగులకు నూటికి మూడు పాళ్ళ చొప్పున బలం కోల్పోతుంది. కొలరాడోలో 11,000 అడుగులు దాటిన ఐసెన్‌హోవర్ సొరంగం దగ్గరకు చేరేసరికి మూడవ వంతు పోయినట్లే. దిగుడులో బ్రేకుమీదనే ఆధారపడక క్రింది గేరులో దిగాలి. ట్రక్కు ఇరుసుల మధ్య దూరం ఎంత ఎక్కువైతే ఊగుడుకు అంత తట్టుకొంటుంది. విద్యుత్ పికప్పులు బలంగా లాగుతాయి గాని, ట్రైలరు తగిలించగానే పోగల దూరం ఇంచుమించు సగానికి పడిపోతుంది.

ఇక మావానికి రెండు దారులు మిగిలినవి. ముప్పాతిక టన్ను ట్రక్కు కొనడం ఒకటి. స్నేహితులందరూ అదే చెప్పారట. కాని ఆ తరగతిలో డీజిలు ఇంజను పెట్టించుకొంటే ఆ ఇంజను బరువే పేలోడులో పెద్ద భాగం తినివేస్తుంది. పైగా ఏడాదిలో ఇరవై రోజుల ప్రయాణానికై తక్కిన రోజులన్నీ ఆ గట్టి స్ప్రింగులమీద ఆఫీసుకు పోవాలి. "మారవలసినది ట్రక్కు కాదు, ఇల్లు" అన్నది మా మరదలు. మాకు ఆమె మాటే సబబుగా తోచినది. ఈసారి మాత్రం మేము నోటితో చెప్పక, కాగితంమీద లెక్క వేసి పంపాము. గరిష్ఠ బరువు 3,500 పౌన్లు ఉన్న ట్రైలరుకు నూటికి 13 పాళ్ళ చొప్పున నాలుక బరువు 455. దానికి మనుషులు, సామాను, కొక్కెం కలిపిన 820 చేర్చితే 1,275. చీటీలోని హద్దుకు ఇంకా 225 పౌన్లు మిగులుతాయి.

పెద్ద ట్రైలరును కొంత నష్టానికే అమ్మి చిన్నది తీసుకొన్నాడు. పిల్లలకు మంచం ఇరుకైనదని ఫిర్యాదు ఉన్నది. మొదటి ప్రయాణానికి ముందు వేబ్రిడ్జి చీటీని ఫొటో తీసి మాకు పంపాడు. అంకెలు కూడి చూసుకొని, "బయలుదేరు" అని జవాబు వ్రాశాము.